అదనపు అంతస్తులు – పేదల ఇళ్ళు

ముంబయిలో మన తెలుగువాళ్ళ ఇళ్ళకు వెళితే ఒక మాట తరచుగా వినిపిస్తుంది: "మా చాల్ రీడెవలప్‌మెంటుకు పోతోందండీ." కామాఠీపుర, వర్లీ – తాతముత్తాతలు నిజాము రాజ్యం నుంచి కట్టడాల పనికీ, ఆ తర్వాత బట్టల మిల్లులకూ వచ్చి స్థిరపడిన పేటలు ఇవి. కామాఠీపురకు ఆ పేరు ఆ కామాఠీల వల్లనే వచ్చింది. అటువంటి చోట ఇరుకు గది తీసుకుని, దానికి బదులుగా పెద్ద ఫ్లాటు ఉచితంగా ఇస్తామంటారు. ఎవరి సొమ్ముతో ఇస్తారు? బిల్డరు ధర్మానికి కట్టడు గదా! సంతకం పెట్టేముందు ఈ లెక్క తెలిసి ఉండాలి.

ఒక స్థలంలో ఎంత కట్టవచ్చునో నగరపాలక నియమాలు చెబుతాయి. దాన్ని ఎఫ్.ఎస్.ఐ. అంటారు. వెయ్యి చదరపు అడుగుల స్థలానికి ఎఫ్.ఎస్.ఐ. ఒకటి అయితే, అన్ని అంతస్తులూ కలిపి వెయ్యి అడుగులే కట్టాలి. రెండయితే రెండు వేలు. 1991 నియమావళిలో ముంబయి పాత నగరానికి 1.33, శివార్లకు 1 అని పెట్టారు. జనం ఎక్కువ, నేల తక్కువ, పైగా కట్టే హక్కూ తక్కువ. అందుచేత ఆ హద్దు దాటి కట్టనిచ్చే ప్రతి అడుగూ బంగారమే. ఖజానాలోంచి పైసా తీయకుండా ప్రభుత్వం ఇవ్వగల సొమ్ము అది.

మహారాష్ట్ర ప్రభుత్వం 1995లో ఈ కిటుకు మీదనే మురికివాడల పునరావాస పథకాన్ని నిలబెట్టింది. గుడిసెల్లో ఉన్నవారికి అక్కడే 225 చదరపు అడుగుల ఇల్లు ఉచితంగా కట్టి ఇవ్వాలి. అలా కట్టిన ప్రతి 10 అడుగులకూ బిల్డరు బజారులో అమ్ముకునేందుకు అదనపు అడుగులు ఇచ్చారు – పాత నగరంలో ఏడున్నర, శివార్లలో పది, ధారావిలో పదమూడుకు పైగా. ఈ తేడా ఎందుకంటే, పాత నగరంలో ఫ్లాటు ఖరీదు ఎక్కువ. కొద్దిగా అమ్మినా పెట్టుబడి తిరిగి వస్తుంది. ధారావికి బిల్డరు రావాలంటే ఆశ ఎక్కువ చూపాలి. ఆ స్థలంలో పట్టని హక్కును టి.డి.ఆర్. అనే పత్రంగా ఇస్తారు. దాన్ని మరొక చోట వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఉచిత ఇంటి కొలత తర్వాత 269 అడుగులకూ, 2018లో వచ్చిన నియమావళిలో 300కూ పెరిగింది.

కాగితం మీద ఎవరికీ నష్టం లేదు. కానీ ఐదేళ్ళలో ఎనిమిది లక్షల ఇళ్ళన్న ఆనాటి వాగ్దానం దశాబ్దాలు గడిచినా తీరలేదు. 2011 జనాభా లెక్కల్లో ఇంకా నూటికి నలభైమందికి పైగా మురికివాడల్లోనే ఉన్నారు. కారణం ఆ కిటుకులోనే ఉంది. పేదవాడి ఇల్లు పక్కన అమ్మే ఇంటి ధర మీద ఆధారపడింది. ఖరీదైన పేటలో గుడిసెల వెనక పదిమంది బిల్డర్లు తిరుగుతారు. కొండవాలున, చెత్తకుప్పల పక్కన ఉన్నవాళ్ళ దగ్గరికి ఒక్కరూ రారు. నడి పనిలో ధరలు పడిపోతే కట్టడం ఆగుతుంది. గుడిసె పోయి, కొత్త ఇల్లు రాక, ఆ కుటుంబం అద్దె గదిలో మిగులుతుంది.

హైదరాబాదు సంగతి చూస్తే ఇదే విషయం మరోవైపు నుంచి తెలుస్తుంది. 2006లో అక్కడ ఎఫ్.ఎస్.ఐ. హద్దునే తీసేశారు, రోడ్డు వెడల్పు, చుట్టూ వదలవలసిన ఖాళీ చూసి ఎత్తు నిర్ణయిస్తారు. అందరికీ కావలసినంత కట్టే హక్కు ముందే ఇచ్చేశాక, పేదల ఇళ్ళు కట్టేవాడికి ప్రత్యేకంగా ఇవ్వడానికి ఏం మిగులుతుంది?

ఇక గాలీ వెలుతురూ. అడుగులు ఎక్కువ పట్టాలంటే భవనాల మధ్య ఖాళీ తగ్గించాలి. ముంబయి తూర్పు శివార్లలోని కొన్ని పునరావాస కాలనీల్లో రెండు భవనాల మధ్య మూడు మీటర్లకు మించి లేదు. కింది అంతస్తుల్లో మిట్టమధ్యాహ్నం కూడా దీపం పెట్టుకోవాలి. అలాంటి చోట క్షయవ్యాధి ఎక్కువగా ఉందని వైద్యులు గుర్తించారు. చాల్‌లో ఇల్లు చిన్నదే గానీ వరండాకు గాలి వచ్చేది. ఈ సంగతి నియమాలు రాసేవారికి ఎందుకు తోచదో నాకు అర్థం కాదు.

వర్లీ బి.డి.డి. చాల్స్‌లో పద్ధతి కొంత వేరు. 1920లలో కట్టిన 160 అడుగుల గదులవి. అక్కడ పునర్నిర్మాణ బాధ్యత ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ మ్హాడాది. గదికి బదులు 500 అడుగుల ఇల్లు. 2025 ఆగస్టులో మొదటి విడతగా 556 కుటుంబాలకు తాళాలు ఇచ్చారు. మ్హాడా చేతిలో ఉంది కనుక బిల్డరు నడుమ పారిపోతాడన్న భయం తగ్గింది. లిఫ్టు, నీటి పంపు, కాపలా ఖర్చు మాత్రం ఎక్కడైనా ఉండేదే. ఎత్తయిన భవనంలోకి మారిన ఒక పెద్దమ్మ నాతో అన్నది: "ఇల్లు పెద్దగైంది బిడ్డా, నెల ఖర్చు గూడ పెద్దగైంది."

ఈ పథకాల్లో వాడ మొత్తం ఒప్పుకోనక్కరలేదు. మురికివాడ పథకానికి మొదట నూటికి 70 మంది సమ్మతి కావలసి ఉండేది. తర్వాత 51కి తగ్గించారు. అంటే మీరు అడగకపోయినా పని జరిగిపోతుంది. కాబట్టి సొసైటీ సమావేశంలో కాగితం మీ ముందుకు వచ్చినప్పుడు మూడు సంగతులు రాతపూర్వకంగా అడగండి: ఇల్లు అందేదాకా అద్దె ఎవరు, ఎన్ని నెలలది ముందుగా జమ చేస్తారు? నిర్వహణకు ఇంటికి ఎంత నిధి బ్యాంకులో వేస్తారు? మా కిటికీకీ పక్క భవనానికీ ఎన్ని మీటర్ల దూరం? మూడో ప్రశ్నకు జవాబు నోటిమాటగా తీసుకోకండి, నక్షాలో చూపించమనండి.