ఛాతీలోని కాపలా యంత్రం: ఆపే గడియ ఎవరు చెప్పాలి?

1960ల నడుమ ఇజ్రాయెల్‌లో హ్యారీ హెల్లర్ అనే పెద్ద డాక్టరుకు గుండె లయ పదేపదే తప్పేది. ఆయన కింద పనిచేసిన మిషెల్ మిరోవ్‌స్కీకి ఇది ఎలా ముగుస్తుందో తెలుసు. లయ తప్పిన గుండెకు కరెంటు షాక్ ఇచ్చి దారిలో పెట్టే యంత్రం అప్పటికే ఉంది. కానీ అది ఆసుపత్రిలో ఉండేది, రోగి బతుకంతా ఆసుపత్రిలో గడపలేడు. హెల్లర్ చనిపోయాడు. ఆ పెద్ద యంత్రాన్ని కుదించి మనిషి ఒంట్లోనే అమర్చితే ఎలా ఉంటుందన్న ఆలోచన మిరోవ్‌స్కీని వదలలేదు. 1968లో అమెరికాలోని బాల్టిమోర్ చేరి, సైనాయ్ ఆసుపత్రిలో మోర్టన్ మోవర్‌తో కలిసి పని మొదలుపెట్టాడు. పెద్దలు ప్రోత్సహించలేదు. ఆసుపత్రుల్లో వాడే ఆ షాక్ యంత్రాన్ని, అంటే డీసీ డీఫిబ్రిలేటర్‌ను, తీర్చిదిద్దిన బెర్నార్డ్ లౌన్ 1972లోనే ఈ ఆలోచనను గట్టిగా విమర్శించాడు. కుక్క కుప్పకూలి, యంత్రం షాక్ ఇవ్వగానే లేచి తోక ఊపుతున్న ఫిల్మ్ చూపిస్తే, పడిపోవడం దానికి నేర్పించి ఉంటారని అన్నవాళ్లూ ఉన్నారు. చివరికి 1980 ఫిబ్రవరి 4న జాన్స్ హాప్‌కిన్స్‌లో లెవీ వాట్‌కిన్స్ అనే సర్జన్ దాన్ని మొదటిసారి మనిషికి అమర్చాడు. పావుకిలో అటూ ఇటూ బరువున్న ఆ పెట్టెను పొట్టలో పెట్టి, ఛాతీ కోసి గుండెకు తీగలు తగిలించాల్సి వచ్చింది. 1985లో అమెరికా ప్రభుత్వ ఆమోదం దొరికింది. ఇప్పుడు ఐసీడీ అని పిలిచే ఈ పరికరం కాలర్ ఎముక కింద చర్మం మాటున ఇమిడిపోతుంది.

ఇది చేసే పని మొరటుగా ఉంటుంది, అందులోనే దాని బలం ఉంది. గుండె కింది గదులు కొట్టుకోవడం మాని అదురుతూ ఉంటే మెదడుకు రక్తం అందదు. కొద్ది సెకన్లలో స్పృహ పోతుంది, కొద్ది నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఐసీడీ ప్రతి స్పందననూ లెక్కపెడుతుంది. వేగం హద్దు దాటి అక్కడే నిలబడితే, చిన్న బ్యాటరీ నుంచి కరెంటును కెపాసిటర్‌లో 700 వోల్టుల పైచిలుకు దాకా కూడబెట్టి ఒక్కసారిగా గుండెలోకి వదులుతుంది. స్పృహ లేని మనిషికి అది తెలియదు. స్పృహలో ఉన్నవాడికి మాత్రం గుండెల మీద ఎవరో కాలితో తన్నినట్టు ఉంటుంది. గమనించాల్సింది ఏమిటంటే, యంత్రం చూసేది వేగాన్నీ లయనూ మాత్రమే. బజారులో నడుస్తూ కూలిపోయిన 50 ఏళ్ల మనిషి గుండె, నెలల తరబడి నీరసించి మంచం మీద ఆఖరి ఘడియల్లో ఉన్న ముసలాయన గుండె ఒకే రకంగా అదిరితే, దానికి రెండూ ఒకటే. ఎవరి ఇంటికి కాపలా కాస్తున్నానో, ఆ ఇంట్లో ఏం జరుగుతోందో తెలియని కాపలావాడు అది. నా వాదన ఇక్కడే మొదలవుతుంది. ఎప్పుడు ఆపాలన్న ఆలోచన కూడా ఈ యంత్రంలో ఒక భాగమే. దాన్ని అమర్చిన రోజే, రోగి మాట్లాడగలిగే స్థితిలో ఉన్నప్పుడే తేల్చుకోవాలి. అది తేల్చకుండా పంపితే వైద్యం సగమే జరిగినట్టు.

యంత్రం మేలు చేయదని ఎవరూ అనలేరు. 2002లో వెలువడిన మాడిట్-2 అధ్యయనంలో, గుండెపోటు వచ్చి గుండె పంపు శక్తి 30 శాతానికో అంతకంటే దిగువకో పడిపోయిన 1,232 మందిని చూశారు. సగటున 20 నెలల్లో మామూలు చికిత్స అందినవారిలో 19.8 శాతం చనిపోతే, ఐసీడీ పెట్టినవారిలో 14.2 శాతం చనిపోయారు. అంటే సుమారు 18 మందికి అమర్చితే ఆ గడువులో ఒక ప్రాణం అదనంగా నిలిచింది. చిన్న ఫలితం కాదు. కానీ అదే అధ్యయనంలో గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరినవారు ఐసీడీ వైపే కాస్త ఎక్కువ కనిపించారు, 14.9 శాతానికి 19.9. గణాంకశాస్త్రం ఈ తేడాను ఖాయం చేయలేదు గాని, ఇలా జరగడానికి వీలుందన్నది తర్కానికి అందే విషయమే. హఠాత్తుగా పోవాల్సిన మనిషి బతికితే, అదే బలహీనమైన గుండెతో ఇంకొన్నేళ్లు గడుపుతాడు. 2016లో డెన్మార్క్ అధ్యయనం మరోవైపు చూపింది. రక్తనాళాల పూడిక వల్ల కాక ఇతర కారణాలతో గుండె బలహీనపడినవారిలో ఐసీడీ హఠాన్మరణాలను సగానికి తగ్గించింది, మొత్తం మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా తేలేదు. చావు ఒక దారి మూసుకుంటే చాలామందికి ఇంకో దారిన వస్తోంది. గుండె వైఫల్యం ఎంత కఠినమైనదో తెలియాలంటే తిరువనంతపురం రిజిస్ట్రీ చూడాలి. 2013లో ఆ జిల్లాలో గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరిన 1,205 మందిని వెంబడించి చూస్తే, ఐదేళ్లలో సగం కంటే ఎక్కువమంది పోయారు. వారి సగటు వయసు 60 దాటి కొంచెమే.

ఆ ఆఖరి దశలో యంత్రం ఏం చేస్తుందో స్వీడన్ పరిశోధకులు 2014లో చెప్పారు. చనిపోయిన 125 మంది ఒంట్లోంచి తీసిన ఐసీడీల జ్ఞాపకాల్ని తిరగేస్తే, చివరి 24 గంటల్లో 31 శాతం మందికి షాకులు తగిలాయి. మొత్తం 125 మందిలో సగానికి పైగా రోగులకు, గుండె ఆగితే మళ్లీ కొట్టించే ప్రయత్నం చేయవద్దని డాక్టర్లు ముందే రాసిపెట్టారు. అలా రాసి ఉన్న రోగుల్లో కూడా 65 శాతం మందికి చివరి రోజున యంత్రం ఆన్‌లోనే ఉంది. ఛాతీ నొక్కొద్దు, షాక్ ఇవ్వొద్దు అని కాగితం మీద ఉంది, చర్మం కింద మాత్రం షాక్ సిద్ధంగా ఉంది. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. ఎవరికీ గుర్తు రాలేదంతే.

ఇప్పుడు దీన్ని పెరియపాళయం దగ్గరికి తెచ్చి చూద్దాం. ఆరణి నది ఒడ్డున భవానీ అమ్మవారి గుడి ఉన్న ఈ ఊరు తిరువళ్లూరు జిల్లాలో, మద్రాసుకు వాయవ్యంగా, ఊత్తుకోట మీదుగా తిరుపతి వెళ్లే దారిలో ఉంది. ఆడి నెలలో ఆంధ్రా వైపు నుంచీ జనం వస్తారు. 1960 దాకా చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి ప్రాంతం వరకూ ఇళ్లలో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలానే. ఈ చుట్టుపక్కల మనిషికి ఐసీడీ పెట్టాలంటే మద్రాసు పోవాలి. కానీ చివరి రోజులకు మనిషి ఇంటికే వస్తాడు. చిక్కు అక్కడే ఉంది. యంత్రం షాక్ పనిని ఆపే ప్రోగ్రామర్ అనే కంప్యూటర్ పెద్ద ఆసుపత్రిలోనే ఉంటుంది, అదీ ఆ కంపెనీ పరికరానికి సరిపడేదే కావాలి. ఒంట్లో నీరు చేరి, ఊపిరాడక పడుకోలేని మనిషిని అంబులెన్స్ ఎక్కించి తీసుకెళ్లడమే ఒక శిక్ష. అయితే చవకైన మార్గం ఒకటుంది. గారె ఆకారంలో ఉండే గట్టి అయస్కాంతాన్ని ఐసీడీ మీద చర్మంపై ఉంచితే, చాలా మోడళ్లలో అది అక్కడ ఉన్నంతసేపూ షాకులు ఆగుతాయి. అదే పెట్టె చేసే పేస్‌మేకర్ పని, అంటే మందగించిన గుండెను కొట్టించే పని, మాత్రం నడుస్తూనే ఉంటుంది. దీన్ని ప్లాస్టరుతో అంటించి ఉంచడానికి గుండె డాక్టరే రానక్కర్లేదు. నేర్పిస్తే నర్సు చాలు. తమిళనాడులో 2021 నుంచి నడుస్తున్న మక్కళై తేడి మరుత్తువం పథకంలో బీపీ, షుగరు మాత్రలతో పాటు ఉపశమన సేవలూ ఇంటికి వస్తున్నాయి. ఆ నర్సు సంచిలో అయస్కాంతం ఒకటి చేర్చడానికి ఖర్చు అడ్డు కాదు, అది ఎప్పుడు వాడాలో ముందే రాసి ఉన్న కాగితం లేకపోవడమే అడ్డు.

ఆపడమంటే చంపడమే కదా అని ఎవరైనా అడుగుతారు, అడగాల్సిందే. షాక్ పని ఆపినందువల్ల ఆ క్షణాన ఏమీ జరగదు, గుండె అంతకుముందులాగే కొట్టుకుంటుంది. చంపేది జబ్బు. పేస్‌మేకర్ మీదే పూర్తిగా ఆధారపడిన మనిషికి దాన్ని ఆపడం వేరే సంగతి, అక్కడ ఫలితం వెంటనే కనిపిస్తుంది, చాలామంది డాక్టర్లు అందుకే తటపటాయిస్తారు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే సగం భయం. అమెరికా హార్ట్ రిథమ్ సొసైటీ 2010లోనే రోగి కోరితే ఈ పరికరాలను ఆపడం ధర్మబద్ధమేనని చెప్పింది. మన సుప్రీంకోర్టు 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో, తెలివిడి ఉన్న వ్యక్తికి చికిత్స వద్దనే హక్కుందనీ, తెలివి తప్పే రోజు కోసం ముందే రాసిపెట్టుకోవచ్చనీ తీర్పు చెప్పింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని కొంత తేలిక చేసి, మేజిస్ట్రేట్ సంతకం బదులు నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలన్నది. అయినా అందులోని రెండు వైద్య బోర్డుల ఏర్పాటు పెద్ద ఆసుపత్రిని ఊహించుకుని చేసింది. ఊళ్లో, ఇంట్లో మంచం పట్టిన మనిషి ఆ ఊహలో సరిగా పట్టడు. అందుకే రోగి తన నోటితో తాను చెప్పగలిగిన రోజున మాట్లాడటం అంత ముఖ్యం. తెలివిలో ఉండగా తానే ఆపమని కోరితే బోర్డుల దాకా పోవాల్సిన పనే ఉండదు.

ఇంకో అభ్యంతరం ఇళ్లలో వినిపించేది. అమర్చేటప్పుడే చావు గురించి మాట్లాడితే మనిషి ధైర్యం జారిపోదా? ఈ భయాన్ని తీసిపారేయలేం, కొడుకులూ కూతుళ్లూ అమ్మానాన్నల ముందు ఆ మాట ఎత్తనివ్వరు. కానీ ఆధారం మరోలా ఉంది. డ్యూక్ విశ్వవిద్యాలయం 2017లో ప్రచురించిన పాల్-హెచ్‌ఎఫ్ ప్రయోగంలో, గుండె వైఫల్యం ముదిరిన 150 మందిలో కొందరికి మామూలు చికిత్సతో పాటు ఉపశమన వైద్యం కూడా ఇచ్చారు. రోగి కోరికల గురించి మాట్లాడటం అందులో భాగం. ఆరు నెలల తరువాత వారి జీవన నాణ్యత మెరుగ్గా ఉంది, దిగులు తగ్గింది, మరణాలు పెరగలేదు. పైగా మాట్లాడటమంటే రోగిని కూర్చోబెట్టి చావు చదివి వినిపించడం కాదు. ఈ పెట్టె ఫలానా ప్రమాదం నుంచి కాపాడుతుంది, ఎప్పుడైనా ఇది ఇక సుఖం కాదనిపిస్తే నొప్పి లేకుండా ఆపించవచ్చు, నిర్ణయం మీదే, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. చెప్పాల్సింది ఇంతే. తెలుగు ఇంట్లో తెలుగులో చెప్పాలి. సంతకం పెట్టిన కాగితం తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉన్నంత మాత్రాన చెప్పినట్టు కాదు.

ఐసీడీ పెట్టుకునేవాళ్లు ఎంతమంది, దీనికింత చర్చ ఎందుకని చివరగా అడగవచ్చు. లక్షల ఖర్చున్న యంత్రం కాబట్టి పెరియపాళయం చుట్టుపక్కల వాళ్లు కొద్దిమందే, ఒప్పుకుంటాను. గుండె వైఫల్యంతో మంచం పట్టేవాళ్లలో అత్యధికులకు యంత్రమే ఉండదు, ఆయాసానికి మార్ఫిన్ మాత్ర దొరకడమే వాళ్లకు పెద్ద సమస్య. కానీ ఈ కొద్దిమంది ఇంటికి అయస్కాంతంతో వెళ్లగలిగిన నర్సే, మిగతావాళ్ల ఆయాసాన్ని కూడా చూడగలిగిన నర్సు. యంత్రం ఉన్నవాళ్ల విషయంలో మాట్లాడటానికి వీలైన సమయం ఒకటి తనంతట తానే వస్తుంది. బ్యాటరీ ఏడెనిమిదేళ్లకో పదేళ్లకో అయిపోతుంది, పెట్టె మార్చాలి. అప్పటికి మనిషి వయసు మారి ఉంటుంది, కిడ్నీలో ఊపిరితిత్తులో మొరాయించి ఉండవచ్చు. పాతది తీసి కొత్తది పెట్టడం మామూలు పనిలా జరిగిపోతోంది. షాక్ పని ఇంకా కావాలా, లేక ఈసారి పేస్‌మేకర్ ఒక్కటే చాలా అని ఆ రోజు ఓపీలో రోగినే అడగాలి. జవాబును రోగి జేబులో ఉండే పరికరం కార్డు వెనకా, ఊళ్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం రికార్డులోనూ రాయాలి.