ప్రదర్శనకు గుఱ్ఱపుపిల్ల

దత్తజయంతి సమయమున, మన మహారాష్ట్రలోని నందుర్బారు జిల్లాయందు, తపతీతీరమున సారంగఖేడా గుఱ్ఱముల సంత జరుగును. కొనలు కలిసిన చెవులతో కదలక నిలుచు మార్వాడీ గుఱ్ఱములను చూచి మనము ముచ్చటపడుదుము. ఆ నిలుకడ నెలల శ్రమఫలము.

భివండి మరమగ్గముల హోరులో నిద్రించుట మన పిల్లలకు అలవాటే. గుఱ్ఱపుపిల్లకు అట్లు కాదు. బెదరి పరుగెత్తుటయే దాని ఆత్మరక్షణ. కావున డప్పుల చప్పుడు మొదట దూరమునుండి వినిపింపవలెను. అది బెదరక మేయుచున్నచో మఱికొంత దగ్గరకు తేవచ్చును. ఎడమభుజము ప్రక్క నిలిచి, పగ్గము పట్టి, నడచుట, ఆగుట, నాలుగు కాళ్ళపై సమముగా నిలుచుట రోజునకు 10, 15 నిమిషములు నేర్పిన చాలును. గిట్టలను 6 లేక 8 వారముల కొకసారి చెక్కింపవలెను.

నిగారింపునకై దాణా ఒక్కసారిగా పెంచరాదు. గుఱ్ఱము వాంతి చేసికొనలేదు. కడుపునొప్పి ప్రాణాంతకము కావచ్చును. ప్రతిదినము ఒడలు తోముటయే మేలు.

రెండున్నరయేండ్లకు నడిమి పాలపండ్లు ఊడగానే సవారీకి తొందరపడువారు కలరు. వెన్నెముక పూర్తిగా గట్టిపడుటకు 5 ఏండ్లు దాటును. బడియీడు బాలుని మగ్గమువద్ద నిలుపరాదని యెంచు మనకు ఇది వేఱుగ చెప్పనక్కరలేదు. సంతలో వయస్సు దాచుటయు సులభము కాదు. కొనువాడు ముందుగా నోరు తెఱిపించి పండ్లే చూచును.