ఇంట్లోనే ఐబ్రోస్: ముందు పెన్సిల్, తర్వాతే ప్లకర్

పార్లర్‌కి వెళ్లకుండా ఐబ్రోస్ చేసుకోవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. చేసుకోవచ్చు. కానీ ప్లకర్ కన్నా ముందు ఒక పెన్సిల్ తీసుకోండి. ముక్కు పక్కన నిలువుగా పెడితే, అది తగిలేచోట కనుబొమ్మ మొదలవ్వాలి. కింది కొస కదపకుండా కంటిపాప మీదుగా వాల్చితే ఆర్చ్. కంటి చివరిదాకా వాల్చితే ముగింపు. మూడు చోట్లా కాజల్‌తో చుక్క పెట్టుకోండి.

స్నానం అయ్యాక చేస్తే నొప్పి తక్కువ. చర్మాన్ని వేలితో సాగదీసి, వెంట్రుక పెరిగే వైపుకే ఒక్కొక్కటి లాగండి. కింది వరసే తీయండి, పైవైపు జోలికి వెళ్లొద్దు. ఇటు 2 తీస్తే అటు 2. సెల్ఫీ కెమెరా చూస్తూ మాత్రం చేయకండి, దగ్గర పెడితే ముఖం షేపే మారి కనిపిస్తుంది. పగటి వెలుతురు, మామూలు అద్దం చాలు.

రెండూ అచ్చు ఒకేలా రావాలని పట్టుబడితేనే సన్నబడిపోయేది. అసలు ఎవరికైనా కొంచెం తేడా ఉంటుందండీ! ఎక్కువ తీసేస్తే మళ్లీ పెరగడానికి నెలలు పడుతుంది. ఏళ్ల తరబడి అక్కడే లాగితే కొన్ని ఇక రాకపోవచ్చు కూడా.

రెటినాల్ క్రీమ్ వాడేవాళ్లు వ్యాక్స్ అస్సలు పెట్టొద్దు, చర్మం పొర లేచిపోతుంది. అయ్యాక ఎర్రబడితే చల్లటి తడిగుడ్డ అద్దండి, ఆ పూటకి మేకప్ వద్దు.