కక్కుల అలుగు: వరిచేనినుండి జేబు వరకు

నర్సీపట్నము మన్యమునకు వాకిలి. చింతపల్లి కొండలనుండి దిగివచ్చు పసుపును, కాఫీగింజలును, తాండవ జలాశయము క్రింది పొలములలో పండు ధాన్యమును, చెరకును, మెట్టతోటల జీడిపిక్కలును, ఇవన్నియు గోనెసంచులలో కుట్టబడియో, మోపులుగా త్రాళ్లతో బిగింపబడియో ఈ పట్టణమునకు చేరుచుండును. ఇక్కడనుండి కొండకెక్కు ఉప్పు, బట్ట, ఎరువులు సైతము కట్టులతోడనే పోవును. ఇట్టి యూర జేబులో ఒక మడతకత్తి నుంచుకొనగోరు యువకుని యెదుటికి దినమునకు పదిసార్లు వచ్చునది ఫలము కాదు, త్రాడు. కావున తొలిసారి కొను మడతకత్తికి నున్నని అలుగు మేలా, పళ్లవంటి గాట్లుగల కక్కుల అలుగు మేలా యను ప్రశ్నకు ఉత్తరమును కత్తుల అంగడికి పోకముందే వరిచేనిలో వెదకవలసి యున్నది.

కక్కులు లోహముకంటె ప్రాచీనములు. సుమారు 12,000 సంవత్సరముల క్రిందట మధ్యధరా సముద్రపు తూర్పుతీరమున నివసించిన నటూఫియనులు, ఎముకతోనో కొయ్యతోనో చేసిన పిడికి గాడి తొలిచి, అందు చెకుముకిరాతి పెచ్చులను వరుసగా పొదిగి, అడవి ధాన్యపు కంకులను కోసికొనిరి. బెలూచిస్తానమునందలి మెహర్‌గఢ్‌లో తొలి కృషీవలులును అట్టి పెచ్చులనే శిలాజతు సదృశమైన నల్లని జిగురుతో పిడికి అతికించిరి. పెచ్చుకును పెచ్చుకును నడుమ మిగిలిన సందులే ఆ పనిముట్టునకు పళ్లైనవి. గడ్డిజాతి కాడలలోని సిలికా పదేపదే ఒరయుటచే ఆ రాళ్లకు అబ్బిన మెఱుగు నేటికిని చెక్కుచెదరక యుండుటవలననే, వానితో కోసినది మాంసము కాదు, పైరు అని పురాతత్త్వవేత్తలు గుర్తింపగలుగుచున్నారు. మంచి రాయి దొరకని దక్షిణ మెసపొటేమియాలో మట్టితోనే కొడవళ్లు చేసి, గట్టిగా కాల్చి వాడుకొనిరి. పనికి కావలసినది అంచు యొక్క ఆకారమే గాని ద్రవ్యము యొక్క గొప్పతనము కాదని మానవుడు ఎంత ముందుగా కనిపెట్టెనో చూడుడు!

ఇనుము వచ్చిన పిదప ఆ విద్య కమ్మరి కొలిమికి చేరినది. ఉక్కువిషయమున తెలుగుదేశము లోకమునకే గురుస్థానమున నుండెడిది. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో మూసలలో కరగించిన ఉక్కు కొఱకు పారశీక వర్తకులు అంతదూరము ప్రయాణము చేసి వచ్చెడివారు. మన పల్లెల కమ్మరికి అంతటి ఉక్కు లేకున్నను, పాత లారీ కమానుపట్టా ముక్కను కాచి, సాగగొట్టి, నెలవంకగా వంచి, దాని యొక ముఖముమీద మాత్రమే ఉలితో సన్నని గాట్లు వరుసగా కొట్టి, పిమ్మట నెఱ్ఱగా కాచి నీట ముంచి గట్టిపఱచుట తెలియును. ఈ గాట్లే కక్కులు. ఇవి పిడివైపునకు వాలియుండును. ఏలయన, కోతగాడు దుబ్బును ఎడమచేత పట్టి కొడవలిని తనవైపునకే లాగును గదా. వరిగడ్డి పొడి బరువులో పదవ వంతు వరకు సిలికా యుండవచ్చును. ఇసుకలోని పదార్థమే అది. నున్నని అంచును అది త్వరలోనే అరగదీయును. భోపాలులోని కేంద్రీయ వ్యవసాయ ఇంజనీరింగు సంస్థ రూపొందించిన తేలికపాటి ‘నవీన్’ కొడవలికిని కక్కులే పెట్టిరి.

కక్కులు ఎట్లు కోయునో కొంచెము నిదానించి చూడదగును. నున్నని అలుగును త్రాటిపై ఆన్చినప్పుడు మన చేతిబలము తగిలినంతమేర సమముగా పఱచుకొనును. కక్కుల అలుగునందు ముందుగా తగులునవి మొనలు మాత్రమే. అదే బలము కొలదిచోట్ల కేంద్రీకృతమగుటచే పీడనము పెరిగి పైపోగులు తెగును. అటుపై మిగిలిన పోగులు రెండు మొనల నడుమనున్న వంకలో చిక్కి జారిపోజాలవు. లాగినకొలదియు ఆ వంక యొక్క ఏటవాలు అంచు వానిని ఒరసికొనుచు కోయును. కేవలము నొక్కుటకంటె, నొక్కుచు లాగునప్పుడు క్రిందికి పెట్టవలసిన బలము మిక్కిలి తగ్గును. బ్రిటిషు ఇంజనీరు టోనీ అట్కిన్స్ 2009 లో వెలువడిన తన కోతశాస్త్ర గ్రంథమున ఈ విషయమును గణితముతో సవిస్తరముగా నిరూపించినాడు. మఱియొక లాభము కలదు. బల్లకో రాతికో తగిలి మొనలు మొద్దువారినను, లోపలి వంకలకు దెబ్బ తగులదు గనుక వాని పదను చాలకాలము నిలుచును. పదను పెట్టుకొనుటకు తీరిక లేనివానికి ఇంతకంటె ఉపకారము వేఱేమి కావలెను?

మడతకత్తియు కొత్తది కాదు. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ నాగరికతకు చెందిన మడతకత్తి క్రీ.పూ. 600 ప్రాంతమునాటిది. 1890 లో ఫ్రాన్సుదేశపు సవాయి కొండలలో జోసెఫ్ ఓపినెల్ కొయ్యపిడి మడతకత్తిని రైతులకొఱకు చేసెను. 1913 లో షెఫీల్డున హారీ బ్రియర్లీ క్రోమియము కలిపిన తుప్పుపట్టని ఉక్కును పోతపోసెను. 1964 లో అమెరికాలోని బక్ సంస్థవారి 110వ సంఖ్య కత్తితో, తెరచిన అలుగు వ్రేళ్లపై మూసికొనకుండ వెన్నుననే బిగించు ఏర్పాటు ప్రసిద్ధిలోనికి వచ్చెను. 1981 లో స్పైడర్కో సంస్థ, అలుగునందలి గుండ్రని రంధ్రమున బొటనవ్రేలుంచి ఒంటిచేత తెరవదగిన కత్తిని, జేబు అంచుకు తగిలించు క్లిప్పుతోసహా అమ్మజొచ్చెను. పిదప త్రాళ్లతోనే జీవించు నావికులను ఉద్దేశించి ‘మేరినర్’ అను కత్తికి ఆ సంస్థవారు అలుగు పొడవునను కక్కులు పెట్టిరి. వరిచేని కొడవలియు, ఓడమీది మడతకత్తియు ఒకే అవసరమునకు ఒకే ఉపాయము పన్నినవి: నార కోయవలెనన్న పళ్లు కావలెను.

అయినను కక్కులు సర్వత్ర పనికిరావు. కల్లుగీత కార్మికుని గీతకత్తిని చూడుడు. గెలమొవ్వుపై పలుచని పొరను నునుపుగా తీసిననే రసము స్రవించును గాని, చీల్చి పీకినచో గాయము చెడును. జీడిమామిడికి అంటుకట్టువాడును నున్నని చాకునే వాడును. రెండు కోతలును అతుకు తెలియకుండ కలియవలెను గదా. కక్కుల కోత గరుకుగా నుండును. ఒకవైపే సానబట్టుటచే పక్కకు ఒరగును. పెన్సిలు చెక్కుటకును, పండు తొక్క తీయుటకును అది మంచి పనిముట్టు కాదు.

సగము నున్నగా, సగము కక్కులుగా నుండు అలుగులును అమ్మకమునకు వచ్చుచున్నవి. మూడంగుళముల అలుగులో రెంటికిని చెరి అంగుళమున్నర మిగులును. త్రాడు ఒకదానినుండి మఱియొకదానిమీదికి జారును. ఇంట కత్తిపీట యుండనే యున్నది. అందుచేత జేబులోనిది పూర్తిగా కక్కులదై యుండుటయే మంచిదని నా అభిప్రాయము. మొన గుండ్రముగా నున్న అలుగైనచో, పలుపు బిగిసి పెనుగులాడు పశువు మెడ దగ్గర త్రాడు కోయవలసి వచ్చినప్పుడు చర్మమునకు గ్రుచ్చుకొను భయము తగ్గును. కొనుటకు ముందు అలుగును తెరచి, వ్రేళ్లు దారికి అడ్డముగా లేకుండ పట్టుకొని, దాని వీపును బల్లకు మెల్లగా నొక్కిచూడుడు. బిగింపు జారినచో ఎంత చవుకయైనను వదలివేయుడు. తళతళలాడు మెఱుగును నమ్మవలదు. మెత్తని ఉక్కైనచో నాలుగు నైలాన్ త్రాళ్లకే మొనలు వంగిపోవును.

ఇంకొక హెచ్చరిక. వీధిలో చక్రము త్రిప్పుచు సానపట్టువానికి ఈ కత్తిని ఇచ్చితిరా, కక్కులు అరగి సమమైపోవును. పింగాణిదో వజ్రపుపొడి పూసినదో సన్నని గుండ్రని కడ్డీని కత్తితోపాటే కొని, సానబట్టిన ముఖముననే ఒక్కొక్క వంకను వేఱువేఱుగా దువ్వి, రెండవ ముఖమున లేచిన పలుచని పొరను ఒక్క రాపిడితో తొలగింపుడు.

1959 నాటి ఆయుధచట్టము క్రింది నియమములు తొమ్మిదంగుళములకంటె పొడవో, రెండంగుళములకంటె వెడల్పో గల అలుగులను, గృహ, వ్యవసాయాది ప్రయోజనములకై చేసినవానిని మినహాయించి, ఆయుధములుగా ఎంచుచున్నవి. మన పనికి మూడంగుళములు చాలును. విమానప్రయాణమున దానిని చేతిసంచిలో ఉంచుకొనరాదు. అంగడికి పోవునప్పుడు ఒక మూర కొబ్బరిత్రాటిని వెంట తీసికొనిపోయి, అంగడివాని అనుమతితో కోసిచూచి, చేతికి శ్రమ లేక తెగిననే డబ్బు చెల్లింపుడు.