నరాలకు ప్రాణం పోసే పదార్థాలు

"సిస్టరు గారూ, మా నాన్నగారి పాదాలు మొద్దుబారిపోయాయి. నరాలకు బలం ఇంజక్షన్ రాయించండి." మా ఓ.పి.లో తరచుగా వినే మాట ఇది. దీనికి జవాబు తెలియాలంటే నరం దేనివల్ల బ్రతుకుతుందో ముందు తెలుసుకోవాలి.

నరానికి ఆహారం

వెన్నెముక దగ్గర నుండి చేతులకు, కాళ్లకు వెళ్లే నరాలు ధవళేశ్వరం నుండి బయలుదేరిన కాలువల వంటివి. కాలి బొటనవేలి వరకు వెళ్లే పోగు మూడు అడుగుల పొడవు ఉంటుంది. కాని ఒక తేడా ఉంది. కాలువలో నీరు పైనుండి శివారు పొలానికి వస్తుంది. నరాన్ని బ్రతికించే ఒక ముఖ్యమైన పదార్థం మాత్రం శివారున ఉన్న చర్మంలో తయారై, పోగు గుండా వెనక్కి ప్రయాణించి, వెన్నెముక దగ్గరున్న నరకణానికి చేరుతుంది. దీనినే నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ అంటారు.

తల్లి గర్భంలో బిడ్డకు అవసరానికి మించి నరకణాలు పుడతాయి. ఈ పదార్థం తగినంత అందినవి నిలుస్తాయి, అందనివి చనిపోతాయి. పెద్దయ్యాక కూడా నొప్పిని, వేడిని తెలిపే సన్నని నరాలకు ఇది అవసరం.

దీనిని కనుగొన్నది ఇటలీ దేశపు డాక్టరు రీటా లెవి-మోంటాల్చిని. 1938లో అక్కడ యూదులపై చట్టాలు రావడంతో ఆమె ఉద్యోగం పోయింది. అయినా తన పడకగదిలోనే కోడిగుడ్లతో పరిశోధన సాగించారు. తరువాత 1950లలో అమెరికాలో స్టాన్లీ కోహెన్‌తో కలిసి ఈ పని పూర్తి చేశారు. 1986లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

నరం తెగితే

నరం చుట్టూ ష్వాన్ కణాలు ఉంటాయి. కొడవలి గాని, కొబ్బరి కత్తి గాని తగిలి నరం తెగితే ఈ కణాలు గ్రోత్ ఫ్యాక్టర్లు తయారుచేసి, కొత్త పోగుకు దారి చూపుతాయి. పోగు రోజుకు సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. అంటే మోచేతి దగ్గర తెగితే స్పర్శ వేళ్లకు చేరడానికి సంవత్సరం పట్టవచ్చు. నెలలు గడిచేకొద్దీ ఈ కణాల శక్తి తగ్గిపోతుంది. అందుకే వెంటనే సర్జన్‌కు చూపించాలి.

షుగరు, కుష్ఠు

షుగరు అదుపులో లేకపోతే నరాలకు రక్తం తీసుకెళ్లే సన్నని నాళాలు పాడవుతాయి, ఈ పదార్థం కూడా తగ్గుతుంది. శివారు భూములు ముందు ఎండినట్లే, ముందుగా పాదాలు మొద్దుబారతాయి. కుష్ఠు క్రిములు ష్వాన్ కణాలలోనే కాపురం పెడతాయి. కుష్ఠు రోగుల చర్మంలో నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ తగ్గిపోయిందని 1994లో పరిశోధకులు ప్రకటించారు.

మరి ఇంజక్షన్?

షుగరు రోగులకు ఈ పదార్థాన్నే ఇంజక్షన్‌గా ఇచ్చి, వెయ్యి మందికి పైగా రోగులపై పరీక్షించారు. ఆశించిన మేలు కనబడలేదని 2000లో ఫలితాలు వచ్చాయి. కంటి నల్లగుడ్డు నరాలు దెబ్బతిన్నవారికి మాత్రం చుక్కల మందుగా 2018లో అమెరికాలో అనుమతి లభించింది. బజారులో "బలం ఇంజక్షన్" అనేది సాధారణంగా బి విటమిన్లే. బి12 తక్కువ ఉన్నవారికి అది మేలు చేస్తుంది. అందరికీ కాదు. అప్పుచేసి వరుసగా చేయించకండి.

ఇంట్లో మీరు చేయవలసినవి

ఒక లంక గ్రామం నుండి వచ్చిన రైతుకు తిమ్మిర్లని భార్య ప్రేమతో వేడినీళ్ల సంచి పెట్టింది. పాదం కాలింది, ఆయనకు తెలియలేదు. రెండు వేళ్లు తీసివేయవలసి వచ్చింది. ముందు నెలలో వచ్చినప్పుడే ఈ మాట నేను చెప్పి ఉండవలసింది. అందుకే మీకు చెబుతున్నాను.

1. మొద్దుబారిన పాదానికి కాపడం పెట్టవద్దు. స్నానపు నీటి వేడి మీ మోచేతితో చూడండి.
2. రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు మీరే చూడండి.
3. చేనుకు, చెరువు గట్టుకు చెప్పులు లేకుండా పంపకండి. తొడిగే ముందు చెప్పులో చెయ్యి పెట్టి చూడండి.
4. షుగరు పరీక్ష, మందులు మానవద్దు.
5. స్పర్శ లేని మచ్చ ఉంటే దాచకండి. కుష్ఠుకు మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. చెయ్యి, కాలు కొత్తగా బలహీనపడితే ఆలస్యం చేయకుండా రండి. 6 నెలల లోపు వైద్యం చేస్తే నరం కోలుకునే అవకాశం ఎక్కువ.

ఆ పాదానికి నొప్పి తెలియదు. దాని బదులు మీ కళ్లే కాపలా కాయాలి.