పురుగుల మూత్రనాళములు – వాని కందు ఆజ్ఞలు

బొద్దింకను కోసి చూచిన విద్యార్థులు దాని ప్రేగునంటి వ్రేలాడు పసుపుపచ్చని దారములను గమనించియే యుందురు. పాఠ్యపుస్తకములు వానికి మాల్పిఘీ నాళములని పేరు చెప్పి ముందుకు సాగిపోవును. ఇటలీ వైద్యుడు మాల్పిఘీ 1669లో పట్టుపురుగును గూర్చి ప్రకటించిన గ్రంథమున వీనిని వర్ణించెను. ఇవి పురుగునకు మూత్రపిండముల పని చేయునని తరువాతి కాలమువారికి తెలిసినది.

మన మూత్రపిండములలో గుండె ఒత్తిడిచే రక్తము వడగట్టబడును. పురుగు రక్తమో, అవయవముల నడుమ ఊరక నిండియుండును. వడపోతకు చాలిన ఒత్తిడి అందు లేదు. కావున నాళపు కణములే శ్రమింపవలెను. అవి శక్తిని వెచ్చించి హైడ్రోజను అయానులను నాళములోనికి నెట్టును. ఆ అయానులు తిరిగి కణములోనికి వచ్చుచు, బదులుగా సోడియము, పొటాషియములను నాళములోనికి పంపును. క్లోరైడు వాని వెంట నడచును. ఉప్పు చేరిన చోటికి నీరు చేరును. ఊరగాయకై ఉప్పులో వేసిన ముక్కలనుండి నీరూరుట చూచినవారికి ఇది వింత గాదు.

అయితే ఈ పని ఎప్పుడు మొదలిడవలెనో నాళమున కెవరు చెప్పుదురు?

దక్షిణ, మధ్య అమెరికాలలో రోడ్నియస్ అను పురుగు గలదు. అది మన నల్లికి దూరపు బంధువు. దాని ఐదవ దశ పిల్ల చాల కాలము పస్తుండి, అదను దొరికినపుడు తన బరువునకు పది రెట్ల వరకు రక్తము త్రాగును. ఉబ్బిన పొట్టతో పరుగెత్తజాలదు గనుక శత్రువునకు సులభముగా చిక్కును. అందుచే కొద్ది నిమిషములలోనే మూత్రము విడువనారంభించి, కొన్ని గంటలలో త్రాగిన బరువులో దాదాపు సగమును వదిలించుకొనును. ఉన్నవి నాలుగే నాళములు. స్రావము మాత్రము వేయి రెట్లు పెరుగును!

1963లో బ్రిటిషు శాస్త్రజ్ఞుడు మాడ్రెల్ దీని మర్మమును ప్రకటించెను. పస్తున్న పురుగు నాళమును వేరుచేసి, అప్పుడే రక్తము త్రాగిన పురుగు రక్తములో నుంచగా అది వేగముగా స్రవించెను. పస్తున్న పురుగు రక్తములో నుంచిన స్రవింపలేదు. అనగా ఆజ్ఞ రక్తములోనే యున్నది. పొట్ట సాగుటచే నరములు మేల్కొని, వాని కొనలనుండి హార్మోనులు రక్తములోనికి విడుదలయగును. వానిలో సెరొటోనిన్ ఒకటి. ఇది మన మెదడులోను గలదు. తక్కినవి పెప్టైడులు. హార్మోను కణములోనికి పోదు. తలుపు తట్టి నిలిచిన దూతవలె బయటినుండియే వార్త నందించును. లోపల చక్రీయ ఎ.ఎం.పి. పెరిగి అయానుల రవాణా వేగిరపడును. సెరొటోనినును, పెప్టైడును కూడినపుడు ఫలితము వాని విడివిడి ఫలితముల మొత్తమును మించును. కొన్ని గంటల పిమ్మట కాపా అను మరియొక పెప్టైడు వచ్చి స్రావమును అణచును. లేనిచో పురుగు ఎండిపోవును.

ఈ తొందర మనుష్యునకు ముప్పు తెచ్చినది. 1909లో బ్రెజిలునందు కార్లోస్ షాగస్ కనుగొన్న రోగపు క్రిమి ఈ జాతి పురుగుల కాటులో నుండదు, విసర్జనములో నుండును. నిద్రించువాని చర్మముపైననే పురుగు విసర్జింపగా, అతడు గోకుకొనినపుడు అది గాయములోనికో కంటిలోనికో చేరును. రక్తము త్రాగి దూరముగా పోయిన పిమ్మటగాని విసర్జింపని జాతులు ఈ రోగమును అంతగా వ్యాపింపజేయవు.