నష్టభయాన్ని బదిలీ చేస్తే ప్రమాదం పోతుందా?

కరిగిన ఇనుమును మోసే లాడిల్ అడుగున కాసిని నీళ్లు మిగిలిపోయినా చాలు, పెద్ద పేలుడే జరగవచ్చు. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చే ఇనుము వేడి సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్. దాని కింద చిక్కుకున్న నీరు క్షణంలో ఆవిరవుతుంది. నీటితో పోలిస్తే ఆవిరికి దాదాపు 1,600 రెట్లు ఎక్కువ చోటు కావాలి. ఆ చోటు దొరకక అది పైనున్న ద్రవ లోహాన్నే ఎగజిమ్ముతుంది. జంషెడ్‌పూర్ లాంటి ఉక్కు పట్టణంలో ఇది అందరికీ తెలిసిన సంగతే. ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వచ్చి తరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ తెలుసు.

అలాంటి చోట కూడా తరచూ వినిపించే మాట ఒకటుంది: "ఇన్సూరెన్స్ ఉంది కదా!" ఈ మాటలో ఎంత నిజముందో తెలియాలంటే బీమా రంగంలోనూ వ్యాపారంలోనూ వాడే కొన్ని పదాల అర్థం తెలియాలి.

పేలుడు 'ఆపద'. తడి లాడిల్ 'ప్రమాద కారకం'. పేలుడు జరిగే అవకాశం ఎంత, జరిగితే పోయేదెంత అన్న రెండింటినీ కలిపి చూస్తే అది 'నష్టభయం'. కామర్స్ పుస్తకాల్లో కనిపించే ఈ మాటనే పత్రికలు ముప్పు అంటాయి, కార్ఖానాలో రిస్క్ అంటారు. ఆ నష్టభయాన్ని ఏం చేయాలని మనం నిర్ణయించుకుంటామో అదే 'స్పందన'. తప్పించుకోవడం, తగ్గించడం, బదిలీ చేయడం, భరించడం అని దాన్ని స్థూలంగా నాలుగు విధాలుగా చెబుతారు.

లాడిల్‌ను ముందే వేడిచేసి ఆరబెట్టడం ఏ రకం స్పందన? చాలామంది తప్పించుకోవడం అనేస్తారు. కాదు. కరిగిన ఇనుముతో పనే పెట్టుకోకపోతే అది తప్పించుకోవడం. ఉక్కు కార్ఖానాకు ఆ దారి లేదు. ఆరబెట్టడం వల్ల ప్రమాదం జరిగే అవకాశం తగ్గుతుంది కాబట్టి అది తగ్గింపే; బీమా భాషలో నష్ట నివారణ. మంటను తట్టుకునే కోట్లు, లోహం పోసే చోటికి మనుషులు రాకుండా గీసిన హద్దు కూడా తగ్గింపే. కానీ అవి పేలుడును ఆపవు, పేలితే జరిగే హానిని తగ్గిస్తాయి. ఒకటి అవకాశం మీద, ఇంకొకటి తీవ్రత మీద పనిచేస్తాయన్న తేడా మరచిపోతే, కోట్లు కొన్నాం కదా అని లాడిల్ తనిఖీని వదిలేసే పరిస్థితి వస్తుంది.

ఇక బదిలీ. దీని చుట్టూ ఉన్నంత అపోహ మిగతా వాటి చుట్టూ లేదు. ప్రీమియం కట్టి బీమా కంపెనీకి బదిలీ చేసేది నష్టభయంలోని డబ్బు భాగాన్ని మాత్రమే. ఆ డబ్బు భారాన్ని కూడా బీమా కంపెనీ పూర్తిగా తన దగ్గరే ఉంచుకోదు. కొంత పునర్బీమా సంస్థకు పంపుతుంది. మన దేశంలో అలాంటి సంస్థల్లో ప్రధానమైనది జీఐసీ రీ. ఇలా కాగితం ఎన్ని చేతులు మారినా కొలిమి ముందు నిలబడ్డ మనిషి అక్కడే ఉంటాడు.

ఈ విషయంలో జంషెడ్‌పూర్‌కు ఒక చరిత్ర ఉంది. టిస్కోకు, అంటే నేటి టాటా స్టీల్‌కు సారథ్యం వహించిన దొరాబ్జీ టాటాయే 1919లో న్యూ ఇండియా అష్యూరెన్స్ కంపెనీని స్థాపించారు. ఆస్తి నష్టాన్ని పంచుకునే ఏర్పాటు అది. మరి మనిషికి జరిగే నష్టం? పనిలో చేరినవాడు ఆ పనిలోని ప్రమాదాలకు ఒప్పుకొనే చేరాడని ఆనాటి బ్రిటిష్ న్యాయ సూత్రం భావించేది. మన పదాల్లో చెప్పాలంటే నష్టభయాన్ని 'భరించడానికి' కార్మికుడు అంగీకరించినట్టు. ఆ అంగీకారం అతణ్ని అడిగి తీసుకున్నది కాదు. ఇంట్లో పొయ్యి వెలగాలంటే పనిలోకి వెళ్లక తప్పని మనిషి అంగీకారానికి ఎంత విలువ ఉంటుంది?

టిస్కో 1920లో ప్రమాద నష్టపరిహార పథకం తెచ్చింది. కార్మికుల నష్టపరిహార చట్టం 1923లో వచ్చింది, 1924 జూలై 1 నుంచి అమలైంది. ఈ చట్టం ప్రకారం పని కారణంగా, పనిలో ఉండగా ప్రమాదం జరిగితే, కొన్ని మినహాయింపులు పోను, యజమాని తప్పును రుజువు చేయనక్కరలేకుండానే పరిహారం అందాల్సి ఉండేది. అంతవరకూ కార్మికుడి నెత్తిన ఉన్న ఆర్థిక భారం యజమాని మీదికి మారింది. నిజమైన బదిలీ అంటే ఇది. యజమాని ఆ భారానికి బీమా తీసుకుంటే అది రెండో బదిలీ.

అదే చట్టంలో 12వ సెక్షన్ ఇంకా ఆసక్తికరమైనది. పనిని కాంట్రాక్టరుకు ఇచ్చేస్తే ప్రమాద బాధ్యత కూడా పోయినట్టేనని చాలా సంస్థలు అనుకుంటాయి. ఈ సెక్షన్ అలా అనలేదు. తన వ్యాపారంలో భాగమైన పనిని తన ఆవరణలో కాంట్రాక్టరు చేత చేయిస్తే, గాయపడిన కాంట్రాక్టు కార్మికుడు అసలు యజమాని నుంచే పరిహారం కోరే వీలుండేది. కట్టిన డబ్బును కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవడం ఆ యజమాని పనిగా ఉండేది. అంటే ఒప్పందంలో 'బదిలీ అయింది' అని రాసుకున్నంత మాత్రాన చట్టం దృష్టిలో బాధ్యత పోదు.

ఖర్కాయి నది దాటితే ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడ. టాటా మోటార్స్ ట్రక్కులకు విడిభాగాలు చేసే చిన్న యూనిట్లు అక్కడ చాలా ఉన్నాయి. అలాంటి ఒక యూనిట్‌ను ఊహించుకుందాం. యంత్రాలు, షెడ్డు, సరుకు కలిపి విలువ కోటి రూపాయలు. ప్రీమియం తగ్గుతుందని యజమాని 60 లక్షలకే బీమా చేశాడు. అగ్నిప్రమాదంలో 20 లక్షల నష్టం జరిగింది. 60 లక్షల పాలసీ ఉంది కాబట్టి 20 లక్షలూ వస్తాయని అతని లెక్క. కానీ ఆస్తి విలువలో 60 శాతానికే బీమా ఉంది కాబట్టి నష్టంలోనూ 60 శాతమే, అంటే 12 లక్షలే లెక్కకొస్తుంది. అందులోంచి డిడక్టబుల్, అంటే పాలసీదారే భరించాల్సిన తొలి మొత్తం, మళ్లీ కోత పడుతుంది. చిన్న పరిశ్రమల కోసం 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' పాలసీలో బీమా 15 శాతం వరకు తక్కువైనా ఈ కోత ఉండదు. ఇక్కడ తక్కువైంది 40 శాతం కాబట్టి ఆ వెసులుబాటూ వర్తించదు.

మిగిలిన 8 లక్షలను ఆ యజమాని భరించినట్టే. డిడక్టబుల్‌ను ముందే తెలుసుకొని అందుకు డబ్బు పక్కన పెట్టుకుంటే అది ఆలోచించి భరించడం. ఈ 8 లక్షల సంగతి అతనికి క్లెయిమ్ రోజునే తెలిసింది. రెండింటికీ శాస్త్రంలో పేరు ఒకటే, కానీ రెండో దాన్ని స్పందన అనడానికి నాకు మనసొప్పదు.

బీమాకు బదిలీ చేయలేని నష్టభయాలూ ఉంటాయి. 2019లో వాహనాల అమ్మకాలు పడిపోయినప్పుడు టాటా మోటార్స్ జంషెడ్‌పూర్ ప్లాంటులో పలుమార్లు బ్లాక్ క్లోజర్లు ప్రకటించారు. ఆర్డర్లు తగ్గి ఆదిత్యపూర్‌లో ఎన్నో యూనిట్లు షిఫ్టులు తగ్గించుకున్నాయి, కొన్ని తాత్కాలికంగా మూతపడ్డాయి. అగ్ని బీమా దీనికి రూపాయి కూడా ఇవ్వదు, ఎందుకంటే ఏదీ కాలలేదు. పని ఆగినందుకు పోయిన లాభాన్ని చెల్లించే పాలసీ విడిగా దొరుకుతుంది గానీ, అదీ సాధారణంగా బీమా చేసిన ఆస్తి దెబ్బతిని పని ఆగితేనే వర్తిస్తుంది. ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడే యూనిట్‌కు ఉన్న దారులు రెండే: రైల్వేకో, వ్యవసాయ పరికరాల తయారీదారుకో కూడా సరుకు అమ్మే ప్రయత్నం చేసి నష్టభయాన్ని తగ్గించుకోవడం, లేదా కొన్ని నెలల జీతాలకు సరిపడా నిల్వ ఉంచుకొని భరించడం. మొదటి దారికి కొత్త అచ్చులు, కొత్త నాణ్యతా పరీక్షలు, వాటికి పెట్టుబడి కావాలి. ఆ పెట్టుబడికి అప్పు చేస్తే వాయిదాలు కట్టలేకపోయే నష్టభయం కొత్తగా వచ్చి చేరుతుంది.